టికెట్ కొనకముందే చెప్పండి: థీమ్ పార్కుల యాజమాన్యాలకు, రెండు ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని థీమ్ పార్కులు, వాటర్ పార్కుల యాజమాన్యాలకు,
రెండు రాష్ట్రాల పర్యాటక శాఖ అధికారులకు,
రెండు రాష్ట్రాల దివ్యాంగుల కమిషనర్లకు,

నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఉంటాను. మా బాబుకి పదమూడేళ్లు, ఆటిజం ఉంది. మాటలు తక్కువ, నీళ్లంటే ప్రాణం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మా మండలంలో ఉంది. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలం కొంతమందిమి కలిసి కూర్చుని, ఈ లేఖలో ఏముండాలో మాట్లాడుకున్నాం. రాసింది నేను కాబట్టి నా ఇంటి సంగతులు ఎక్కువ కనిపిస్తాయి. అడిగినవి మాత్రం అందరివీ.

ఇది మా మొదటి ప్రయత్నం కాదు. మేం వెళ్లొచ్చిన పార్కుకు మెయిల్ పెట్టాం. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని వెంటనే మెషిన్ జవాబు వచ్చింది, ఆ తర్వాత మనిషెవరూ పలకలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో వినతిపత్రం ఇస్తే ముద్ర కొట్టి రసీదు చేతికిచ్చారు. ఆ రసీదు ఇంకా నా దగ్గరే ఉంది. పార్కు పేరు, ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్లంతా "హమ్మయ్య, మనం కాదు" అనుకుంటారు. మాకు తెలిసినంతలో ఈ తీరు ఒక్క చోటిది కాదు.

అపోహ రాకుండా ముందే ఒక మాట. మేం ఉచిత ప్రవేశం అడగడం లేదు. మా పిల్లల్ని ప్రతి రైడూ ఎక్కించి తీరాలనీ అనడం లేదు. మీ పార్కులో మా పిల్లలకు ఏది కుదురుతుంది, ఏది కుదరదు, కుదరకపోతే ఎందుకు కుదరదు అన్నది మేం ఇంట్లో ఉండగానే, టికెట్ కొనకముందే, తెలుగులో, రాతలో చెప్పమంటున్నాం. కింద రాసిన అంశాల్లో చాలావాటికి మూలం ఇదే.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. దసరా సెలవుల్లో నేను, మావారు, బాబు, పాప, మా అత్తయ్య బయల్దేరాం. ముందు వెబ్‌సైటంతా వెతికాను. ఆఫర్లున్నాయి, బఫే మెనూ ఉంది, ఏ రైడ్‌కు ఎంత ఎత్తుండాలో ఉంది. మా బాబులాంటి పిల్లల గురించి ఉన్నది ఒక్క వాక్యమే: భద్రతా కారణాలతో ఎవరినైనా రైడ్ ఎక్కనివ్వకుండా ఆపే హక్కు యాజమాన్యానికి ఉందని. ఫోన్ చేసి అడిగితే "రండి మేడమ్, ఏం ప్రాబ్లం ఉండదు" అన్నారు. నమ్మి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాం. ఒకసారి కడితే అది వెనక్కి రాదు.

మొదటి రైడ్ దగ్గర క్యూలో చాలాసేపు నిలబడ్డాం. మా బాబుకి సంతోషం ఎక్కువైతే చేతులు ఊపుతాడు. అది చూసి ఆపరేటర్ "ఈ బాబుకేమైంది?" అని అడిగి పక్కకు తప్పుకోమన్నాడు. దానికంటే జోరుగా తిరిగే రెండో రైడ్‌లో ఎవరూ ఏమీ అడగలేదు, ఎక్కాడు, నవ్వుకుంటూ దిగాడు. మూడో చోట కాగితాలడిగారు. వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం రాసిచ్చే సదరం సర్టిఫికెట్ చూపించాను. అందులో శాతం చూసి "అమ్మో, ఇంతుంటే కుదరదు" అన్నారు. పింఛనుకు, బస్ పాస్‌కు పనికొచ్చే కాగితం అక్కడ మమ్మల్ని క్యూలోంచి బయటకు పంపడానికి పనికొచ్చింది. చూపించకుండా ఉంటే ఎక్కనిచ్చేవాళ్లేమో.

ఆ ఆపరేటర్ మీద నాకు కోపం లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడు. ఏ బిడ్డను ఎక్కించాలో, ఎవరిని ఆపాలో అతనికి ఎవరూ నేర్పినట్టు లేదు. ఏదైనా జరిగితే ముందు పోయేది అతని ఉద్యోగమే. అలాంటివాడికి "వద్దు" అనడమే క్షేమం. ఆ నిర్ణయాన్ని అతని నెత్తిన పెట్టి పైవాళ్లు ఏసీ గదుల్లో ఉండటం మీదే మా అభ్యంతరం.

ఇక చట్టం సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. జనం వాడే భవనం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా "ప్రజా భవనమే" అని దాని నిర్వచనాల్లోనే రాశారు. వినోదం కోసం ఉన్నవాటినీ అందులో పేరు పెట్టి చేర్చారు. దివ్యాంగులు అవుట్‌డోర్ క్యాంపుల్లో, సాహస కార్యక్రమాల్లో పాల్గొనేలా చూడాలని 29వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పింది. తమ సేవలను దివ్యాంగులకు అందుబాటులోకి తేవడానికి ప్రైవేటు సంస్థలకు 46వ సెక్షన్ పెట్టిన గడువు, నిబంధనలు వచ్చాక రెండేళ్లు. పాత భవనాలను మార్చుకోవడానికి 45వ సెక్షన్ ఇచ్చింది ఐదేళ్లు. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. వేళ్ల మీద లెక్కపెట్టినా రెండు గడువులూ దాటిపోయాయి.

2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. భవనాలు, సేవలు అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలను "పాటిస్తే మంచిది" అన్నట్టుగా వదిలేసిన, ఆ 2017 నిబంధనల్లోని 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదికను తయారుచేసింది ఢిల్లీ వాళ్లు కాదు, మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రం. హైదరాబాద్ చుట్టుపక్కల పార్కుల నుంచైతే ఒక పూట ప్రయాణం కూడా ఉండదు.

"భద్రత ముఖ్యం కదా" అంటారు. ముఖ్యమే, మా పిల్లల ప్రాణం మీకంటే మాకే ఎక్కువ. ఆ వాదనకు చట్టంలోనూ చోటుంది. వైకల్యం కారణంగా ఎవరినైనా ఆపితే, దానికి న్యాయమైన ఉద్దేశం ఉందనీ, అవసరమైనంత మేరకే ఆపామనీ చూపించాలి అంటుంది 3వ సెక్షన్. చూపించాల్సింది మీరు. చేతులు ఊపుతున్నాడు అన్నది కారణం కాదు. "ఈ రైడ్ మధ్యలో ఆగితే ఎత్తు నుంచి మెట్ల మీదుగా సొంతంగా దిగి రావాలి" అన్నది కారణం. రెండోది చెప్తే మేం ఒక్క మాట కూడా మాట్లాడం.

ఇప్పుడు మా ఇబ్బందులు, మా డిమాండ్లు వరుసగా.

1. ప్రతి రైడ్‌కూ ఒక పట్టిక పెట్టండి.

రైడ్ తయారుచేసిన కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో ఎవరు ఎక్కొచ్చో, ఎవరు ఎక్కకూడదో ఉంటుంది. అది మీ ఆఫీసు బీరువాలో ఉంటే మాకేం లాభం? వీపు ఆనించి నిటారుగా కూర్చోగలగాలా, కనీసం ఒక చేత్తో గట్టిగా పట్టుకోగలగాలా, చెప్పిన మాట విని చేతులు లోపల పెట్టుకోగలగాలా, మెట్లెక్కి దిగగలగాలా రాయండి. లోపల చీకటా, పెద్ద శబ్దాలుంటాయా, నీళ్లు ముఖం మీద కొడతాయా రాయండి. లైట్లు టపటపా వెలిగి ఆరుతాయా అన్నది తప్పకుండా రాయండి. ఫిట్స్ వచ్చే పిల్లల్లో కొంతమందికి ఆ వెలుతురే ప్రమాదం, ఆ తల్లులకు అది తెలియాలి.

ఇది లేకపోవడం వల్ల ఏమవుతోందో చెప్తాను. మాలో ఒక తండ్రి ఆటో నడుపుతాడు. కూతురికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని సమస్య వల్ల ఒళ్లు సరిగా స్వాధీనంలో ఉండదు. పిల్ల పుట్టినరోజుకని నెలల తరబడి పక్కన పెట్టిన డబ్బుతో ఇంటిల్లిపాదీ వెళ్లారు. లోపలికి వెళ్లాక ఆ పిల్ల ఎక్కగలిగినవి రెండో మూడో అని తెలిసింది. ముందే తెలిస్తే వెళ్లేవాడివి కాదా అని అడిగాను. "వెళ్లేవాణ్ణే అక్కా. ఆ రెండింటి కోసమే వెళ్లేవాణ్ణి. పిల్లకి అన్నీ చెప్పి ఆశ పెట్టేవాణ్ణి కాదు" అన్నాడు.

2. నిర్ణయం గేటు దగ్గరే, ఒక్కసారే జరగాలి.

లోపలికి రాగానే ఒక కౌంటర్ ఉండాలి. శిక్షణ ఉన్న మనిషి మాతో రెండు నిమిషాలు మాట్లాడి, ఏ రైడ్‌లు సరేనో, ఏవి వద్దో ఒక కార్డు మీద రాసివ్వాలి. లోపల ప్రతి ఆపరేటర్ దాన్నే పాటించాలి. ప్రతి క్యూ చివరా పదిమంది ముందు "మా అబ్బాయికి ఇదీ సమస్య" అని కథ చెప్పుకునే గతి మాకు పట్టకూడదు. పక్కనున్నవాళ్లు "చూడ్డానికి బాగానే ఉన్నాడుగా" అంటారు. అదొక నరకం.

శాతాన్ని చూసి తేల్చే పద్ధతి కూడా ఆపాలి. సదరం శాతమైనా, దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు మీద ఉన్న అంకె అయినా రైడ్‌లో కూర్చోగలడా లేదా అన్నది చెప్పదు. డెబ్బై శాతం ఉన్న ఒకరు హాయిగా జెయింట్ వీల్ ఎక్కుతారు, నలభై ఉన్న ఇంకొకరు ఎక్కలేరు.

మా ఊరి తిరునాళ్లలో రంగులరాట్నం తిప్పే పెద్దాయన ఉన్నాడు. మా వాడిని ఒకసారి తేరిపార చూసి, "అమ్మా, నువ్వు పక్కన కూర్చుంటావా? మెల్లగా తిప్పుతా" అన్నాడు. చట్టాలు దీన్ని సహేతుకమైన సర్దుబాటు అంటాయి. (ఆ రాట్నం నట్లు, బోల్టుల మీద నాకు నమ్మకం లేదు, అది వేరే విషయం. మీ యంత్రాలు, ఆయన పలకరింపు కలిస్తే చాలు.)

3. క్యూలో నిలబెట్టకండి, వేచి ఉండటానికి మేం సిద్ధం.

మా పిల్లలకు కష్టం ఎదురుచూడటం ఒక్కటే కాదు. ఇనుప కమ్మీల మధ్య, ముందూ వెనకా మనుషులు తగులుతుంటే, స్పీకర్ల మోతలో, ఎండలో కదలకుండా నిలబడటం. వాళ్లు అక్కడ అరిస్తే మొండితనం అనుకుంటారు.

అమెరికాలోని డిస్నీ పార్కుల్లో దీనికి ఒక పద్ధతుంది. క్యూ ఎంతసేపుందో చూసి, ఫలానా టైమ్‌కు రమ్మని చెప్తారు. ఆలోపు నీడలో కూర్చోవచ్చు, ఏదైనా తినొచ్చు. ఎదురుచూపు అందరితో సమానమే, నిలబడే చోటే వేరు. అక్కడా ఇది సాఫీగా ఏమీ సాగలేదు. డబ్బున్నవాళ్లు దివ్యాంగులను గైడ్లుగా కిరాయికి పెట్టుకుని క్యూ దాటుతున్నారని 2013లో వార్తలొచ్చాయి, ఆ ఏడాదే పాత కార్డు తీసేసి కొత్త పద్ధతి తెచ్చారు. 2024లో దాన్ని ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకే ఎక్కువగా పరిమితం చేశారు. వేరే జబ్బులున్నవాళ్లు దాని మీద గట్టిగానే గొడవపడ్డారు. ఓర్లాండో వెళ్లొచ్చిన మన తెలుగు కుటుంబాలను అడిగితే మంచీ చెడూ రెండూ చెప్తారు. దొంగ కార్డుల భయం మీకుంటే ఆ అనుభవం నుంచి నేర్చుకోవచ్చు. మొదలే పెట్టకపోవడానికి మాత్రం అది సాకు కాదు.

పైగా ఎక్కువ డబ్బు కట్టినవాళ్లను వేరే దారిలో పంపే టికెట్లు మన దగ్గర ఇప్పటికే అమ్ముతున్నారు. అంటే ఆ దారి ఉంది, దాని తలుపు తీయడం మీకు తెలుసు.

ఇంకొక చిన్న వెసులుబాటు. బాబు ఎక్కలేని రైడ్‌కు నేను, పాప వెళ్తే మావారు బాబుతో కింద ఉంటారు. మేం దిగాక ఆయన మళ్లీ క్యూ మొదటికి వెళ్లకుండా ఎక్కనివ్వండి. విదేశాల్లో చాలా పార్కులు చంటిపిల్లల తల్లిదండ్రులకు ఇదే చేస్తున్నాయి. మీకు రూపాయి ఖర్చుండదు.

4. టాయిలెట్లు.

దీని గురించి రాయడానికి కొందరు మొహమాటపడ్డారు. నేను పడను.

పదమూడేళ్ల అబ్బాయిని నేను ఆడవాళ్ల టాయిలెట్‌కు తీసుకెళ్తే అక్కడి ఆడవాళ్లు అభ్యంతరం చెప్తారు, వాళ్ల తప్పేం లేదు. మగవాళ్ల వైపు నేను వెళ్లలేను. ఒంటరిగా పంపితే లోపల ఏం జరుగుతుందో తెలియదు, వాడొచ్చి చెప్పలేడు. భర్త లేని తల్లులు, భర్త గల్ఫ్‌లో ఉన్న తల్లులు మాలో ఉన్నారు. ఆడపిల్లను ఒక్కడే చూసుకుంటున్న తండ్రి ఉన్నాడు. వీళ్లు పార్కుకు రాకపోవడానికి మొదటి కారణం రైడ్ కాదు, ఇది. కుటుంబం కలిసి వెళ్లగలిగే, లోపల గడియ ఉన్న ఒక గది చాలు.

నడవలేని, డైపర్ వాడే పెద్ద పిల్లల పరిస్థితి ఇంకా ఘోరం. గోడకు వేలాడే మార్చే బల్ల చంటిబిడ్డకే సరిపోతుంది. పన్నెండేళ్ల పిల్లను తడి నేల మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టి మారుస్తున్నారు. ఎంత శుభ్రమైన పార్కు అయినా అది టాయిలెట్ నేల. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లకు సరిపడే బల్ల, ఎత్తే సాధనం ఉన్న గదుల కోసం 2006లో ఉద్యమం మొదలైంది. 2021 నుంచి అక్కడ కొత్తగా కట్టే పెద్ద ప్రజా భవనాల్లో అవి తప్పనిసరి అయ్యాయి. మాకు ఎత్తే సాధనం వెంటనే రాకపోయినా ఫర్వాలేదు. నడుం ఎత్తులో ఒక గట్టి బల్ల, ఒక కర్టెన్, ఒక కుళాయి ఇప్పించండి.

వీల్‌చైర్ బొమ్మ ఉన్న టాయిలెట్లలో చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు పెట్టి తాళం వేయడం కూడా మానేయాలి.

5. వాటర్ పార్కులో బట్టల నియమం.

నైలాన్ కాస్ట్యూమ్ వేసుకుంటేనే నీళ్లలోకి దిగనిస్తారు. నూలు పోగులు ఫిల్టర్లలో ఇరుక్కుంటాయని చెప్తారు, అర్థం చేసుకోగలం. కానీ ఒంటికి అంటుకునే బిగుతు గుడ్డ మా పిల్లల్లో చాలామంది భరించలేరు. అక్కడికక్కడ కొన్న కొత్త కాస్ట్యూమ్ తొడిగితే ఏడ్చి ఏడ్చి నీళ్లలోకే దిగడు. ఏ రకం గుడ్డ అయితే సరేనో ముందే రాయండి. మేం ఇంటి దగ్గరే కొని, నెల రోజులు స్నానానికి తొడిగి అలవాటు చేసి తీసుకొస్తాం. వదులుగా ఉండే నైలాన్ చొక్కా, నిక్కరు ఒప్పుకుంటామని రాస్తే ఇంకా మంచిది.

6. తిండి, మందులు.

గేటు దగ్గర సంచులు వెతికి డబ్బాలు తీసేస్తారు. మా వాడు తినేవి నాలుగే. పెరుగన్నం అందులో ఒకటి, అదీ ఇంటిదే. కొందరు పిల్లలకు మెత్తగా చేసిందే మింగుడు పడుతుంది, కొందరికి గొట్టం ద్వారా పెడతారు. చంటిబిడ్డల తిండికి మినహాయింపు ఇస్తున్నప్పుడు వీళ్లకూ ఇవ్వొచ్చు. సెక్యూరిటీ వాళ్లకు రాతలో చెప్పండి, వాళ్లతో వాదించే ఓపిక మాకు లేదు. ఫిట్స్ మందులు లాకర్‌లో కాదు, మా చేతిలో ఉండాలి. వాటిని నీళ్ల దగ్గరకు తీసుకెళ్లనివ్వండి.

7. పిల్లవాడు తప్పిపోతే.

మైకులో పేరు పిలిస్తే మా పిల్లలు పలకరు. నీ పేరేంటని అడిగితే చెప్పలేరు. నీళ్లు కనిపిస్తే అటే పోతారు. అందుకే ఒకణ్ణి చూసుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లం వెళ్తాం. గేటు దగ్గర చేతికి కట్టే పట్టీ మీద ఫోన్ నంబర్ రాసి కట్టండి. ఇలాంటి పిల్ల కనిపించలేదని చెప్పగానే మొదట పూల్స్ దగ్గర, తర్వాత బయటి గేట్ల దగ్గర వెతకాలని మీ గార్డులకు నేర్పండి. ఆఫీసులో ఫారం నింపాక వెతుకుదాం అంటే చాలా ఆలస్యమైపోతుంది.

8. వీల్‌చైర్, చెవి, కన్ను.

మా అత్తయ్యకు మోకాళ్లు అరిగిపోయాయి. వీల్‌చైర్లు ఉన్నాయన్నారు, ఎన్నున్నాయో చెప్పలేదు. మేం వెళ్లేసరికి అయిపోయాయి. ముందుగా బుక్ చేసుకునే వీలుండాలి. ర్యాంపులు నిట్టనిలువుగా కట్టి "ర్యాంపు ఉంది" అనుకోవడం కాదు, కూర్చున్న మనిషిని ఇంకొకరు ఆయాసపడకుండా తోయగలగాలి. రైడ్ ముందు మైకులో చెప్పే జాగ్రత్తలు వినబడనివాళ్ల కోసం బొమ్మలతో బోర్డు పెట్టండి, చూపు లేనివాళ్లకు ఒక మనిషి దగ్గరుండి చెప్పాలి.

అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 2010లో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అనే పార్కు తెరిచారు. వీల్‌చైర్‌తో సహా ఎక్కే రంగులరాట్నం, ఊయల ఉన్నాయక్కడ. 2017లో పక్కనే వాటర్ పార్కు కట్టి, గాలి ఒత్తిడితో నడిచే, తడిసినా పాడవని వీల్‌చైర్లు పెట్టారు. దివ్యాంగులకు ప్రవేశం ఉచితం. అది ఒక తండ్రి తన కూతురి కోసం తలపెట్టిన పని. మీరు రేపే అంత చేయాలని మేం అనడం లేదు. "సాంకేతికంగా కుదరదు" అనే మాట మాత్రం దయచేసి అనకండి.

9. రద్దీ లేని ఒక పూట.

సెలవుల్లేని నెలల్లో, వారం మధ్యలో, నెలకొక ఉదయం స్పీకర్లు తగ్గించి, ప్రత్యేక పాఠశాలలకు, భవిత కేంద్రాలకు ముందే ఆ తేదీలు చెప్పండి. ఆ రోజుల్లో మీ పార్కులు ఎలాగూ సగం ఖాళీగా ఉంటాయి. అయితే ఆ పూట పెట్టాం కాబట్టి మిగతా రోజుల్లో రావొద్దు అనే అర్థం రాకూడదు.

10. సిబ్బందికి శిక్షణ.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. మనకు అడగడానికి మనుషులు దగ్గర్లోనే ఉన్నారు. సీజనల్ ఉద్యోగులకు కూడా ఒక పూట శిక్షణ ఇప్పించండి.

ఇక ప్రభుత్వాలకు.

పర్యాటక శాఖలు, స్థానిక సంస్థలు అనుమతులిచ్చేటప్పుడు అందుబాటు ప్రమాణాలు చూడాలి. నిబంధనలకు తగ్గట్టు లేని భవనానికి కట్టే అనుమతి గానీ, పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదని 44వ సెక్షన్ స్పష్టంగా చెప్తోంది. కొత్త పార్కులకు భూములు, రాయితీలు ఇస్తున్నప్పుడే పైన రాసిన మొదటి నాలుగు అంశాలను షరతులుగా పెట్టండి. ఉన్న పార్కులను దివ్యాంగుల సంఘాల వాళ్లను వెంటపెట్టుకుని తనిఖీ చేసి, ఆ నివేదికలను జనానికి అందుబాటులో ఉంచండి. ప్రభుత్వమే నడిపే పార్కులు, బోట్లు, టాయ్ ట్రైన్లు, రోప్‌వేలకూ ఇదే వర్తించాలి. సొంత ఇంట్లో చేయకుండా పక్కింటివాడిని అడిగితే ఎవరూ వినరు.

కమిషనర్లకు ఒక విన్నపం. హక్కులు అందనప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా మీ అంతట మీరే విచారించే అధికారం 80వ సెక్షన్ మీకిచ్చింది. ఈ లేఖను అందుకు సరిపడా కారణంగా తీసుకోండి. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే పడే జరిమానా పదివేల వరకే. అది పెద్ద పార్కులకు లెక్కలోకి రాదు, మాకూ తెలుసు. మళ్లీ ఉల్లంఘిస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల వరకు వెళ్తుంది.

మేం ఎంతమందిమని ఎవరైనా అడగొచ్చు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులు 22 లక్షల 66 వేల పైచిలుకు. అప్పటికి అమల్లో ఉన్న 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, ఆటిజం పేరే లేదు. ఇప్పటి చట్టంలో 21 ఉన్నాయి. ఒక్కొక్కరి వెనక ఒక కుటుంబం ఉంటుంది, టికెట్ కొనేది ఆ కుటుంబమంతా. మంచితనం కోసం కాకపోయినా వ్యాపారం కోసమైనా లెక్క వేసుకోండి.

ఆ రోజు మా బాబుని ఆపినప్పుడల్లా మా పాప కూడా క్యూలోంచి బయటకొచ్చేసింది. మేం వెళ్లమన్నా వెళ్లలేదు. ఈ మధ్య సంక్రాంతి సెలవుల మాట వస్తే, "ఈసారి అన్నయ్యకి చెప్పకుండా మనమే వెళ్దామా?" అని అడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల. దానికి చెడ్డ ఆలోచన ఏమీ లేదు, అన్నయ్య మళ్లీ ఏడవకూడదని. మా గుంపులో సగం ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నది అదే: ఒకరు ఇంట్లో ఉంటారు, మిగతావాళ్లు వెళ్తారు. లేదా ఎవరూ వెళ్లరు.

వేసవి సెలవులకు జనం టికెట్లు కొనడం మొదలుపెట్టేలోపు రైడ్ల పట్టిక, గేటు దగ్గర కౌంటర్, కుటుంబ టాయిలెట్, ఇంటి తిండికి మినహాయింపు ఈ నాలుగూ అమల్లోకి రావాలి. మిగతావాటికి ఎప్పటిలోగా ఏం చేస్తారో తేదీలతో ప్రకటించండి. ఈ లేఖ ప్రతిని రెండు రాష్ట్రాల కమిషనర్లకు ఫిర్యాదుగా కూడా పంపుతున్నాం. ఏప్రిల్ మొదటి వారం దాకా జవాబు రాకపోతే ఆ ఫిర్యాదు మీద విచారణ కోరతాం.

పట్టిక ఎలా రాయాలో తెలియక ఆగితే మమ్మల్ని పిలవండి. వారం మధ్యలో ఒక రోజు మా పిల్లల్ని తీసుకుని వస్తాం, మీ ఇంజినీర్లతో కలిసి ఒక్కో రైడ్ దగ్గర నిలబడి ఏం రాయాలో చెప్తాం. ఆ రోజుకు మా టికెట్లు మేమే కొనుక్కుంటాం.

ఇట్లు,
ఒక తల్లి,
భవిత కేంద్రం పిల్లల తల్లిదండ్రుల తరఫున,
ఖమ్మం జిల్లా